సంగడి

వానలు తెరిపిచ్చాయి, కొల్లేరు నిండుగా ఉంది. మొగలిలంక గట్టు దిగువన సూర్యకాంతం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పడవ అడుగు తడుముతోంది. దేవకుమారి పడవ మీద కూర్చుని తెరచాపకి అంచు వేస్తోంది. చేపల మేత సంచులు విప్పి, ఒకదానికొకటి కలిపి కుట్టిన తెరచాప అది. దబ్బనం ఆ ప్లాస్టిక్ నేతలోకి దిగినప్పుడల్లా కిర్రుమంటోంది.

పడవంటే నిజానికి తాటిమాను తొలిచి చేసిన రెండు తాటిదోనెలు. ఒకటి సూర్యకాంతానిది, ఒకటి దేవకుమారిది. రెంటినీ పక్కపక్కన పెట్టి, నడుమ కాస్త జాగా వదిలి, అడ్డంగా సరుగుడు వాసాలు వేసి తాళ్ళతో బిగించారు. వాసాల మీద వెదురు తడక పరిచారు. ముందు వాసానికి నిలబెట్టిన వెదురుగడే తెరచాప కొయ్య. తాటిదోనె ఒంటరిగా ఉంటే మనిషి అటు తిరిగి ఇటు తిరిగినా ఒరుగుతుంది. దాని మీద తెరచాప ఎత్తడం కుదిరే పని కాదు. రెండూ కలిపి కడితే మాత్రం పచ్చగడ్డి ఎత్తుగా పేర్చుకుని, గాలి వాలు చూసుకుని, గడ వెయ్యకుండా అవతలి గట్టు చేరిపోవచ్చు. ఆ ఇద్దరి బతుకుతెరువూ అదే. నీళ్ళ మధ్య దిబ్బల మీద గడ్డి కోసి, గట్టు మీద పాడి ఉన్నవాళ్ళకి వేసి వస్తారు.

సూర్యకాంతం చేపలు పట్టేవాళ్ళ వీధి మనిషి. దేవకుమారిది గట్టు చివర, చర్చి పక్కనున్న పేట. ఎండలో కలిసి గడ్డి కోసీ, ఒకే క్యారేజీలోంచి తినీ, ఒకరినొకరు అక్కా అనీ దేవమ్మా అనీ పిలుచుకోవడం అలవాటై ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఆ ఏడు కొల్లేటి పండగ పేరుతో పడవ పందేలు పెట్టారు. తెరచాప పడవలకి విడిగా ఒక పందెం ఉందని తెలిసిన రోజునుంచీ దేవకుమారికి మనసు మనసులో లేదు. పోదాం అక్కా అని మొదట అన్నది తనే. సూర్యకాంతం నవ్వేసి, గడ్డి పడవకి పందేలేమిటే అంది గానీ, మర్నాడు కొత్త తాడు కొనుక్కొచ్చింది కూడా ఆవిడే.

పడవలు చూడ్డానికి కమిటీ వాళ్ళు ఆ ఉదయమే వచ్చారు. ముందు నడిచేది నిత్యానందం గారు. చేపల సంఘానికి ప్రెసిడెంటు. ఆకివీడులో ప్యాకింగ్ షెడ్డు ఉంది. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆయన వెనక రంగు డబ్బా, కుంచె, రేకు పలకలు పట్టుకుని ఒక పెయింటరు నడుస్తున్నాడు. పందేనికి ఒప్పుకున్న పడవకల్లా ముందువైపు యజమాని పేరు రాసిన రేకు పలక కొట్టాలి. అది ఉంటేనే బరిలో ఉన్నట్టు.

కాస్త దూరంలో మినీ లారీ మీంచి తెల్లటి ఫైబర్ పడవ ఒకటి దించుతున్నారు. తాడేపల్లిగూడెం నుంచి ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు తెచ్చుకున్న పడవ. దానికీ రెండు దోనెల్లాంటి సన్నటి కాళ్ళున్నాయి. వాటి మధ్య పైన పరుపులాంటి వల బిగించి ఉంది. పిల్లలు దాని చుట్టూ మూగి పని చేస్తున్నారు. వాళ్ళ లెక్చరరు ఫణీంద్ర ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, తాడు ముడి ఎలా పడిందో వంగి చూస్తున్నాడు.

నిత్యానందం గారు సూర్యకాంతం పడవ దగ్గర ఆగారు. పైనుంచి కిందకి చూసి, రెండు దోనెలు కలిపి కట్టినంత మాత్రాన పడవెలా అవుతుందమ్మా అన్నారు. దోనెల పందెం వేరే ఉంది కాబట్టి, విప్పుకుని ఎవరి దోనెతో వాళ్ళు అందులో దిగండని సలహా కూడా చెప్పారు.

దేవకుమారి దబ్బనం తెరచాపలో గుచ్చి లేచి నిలబడింది.

“మరి ఆ కాలేజీ వాళ్ళదీ రెండే కదండీ?”

“అది కేటమరాన్ అమ్మా,” అన్నారాయన, ఆ ఒక్క మాటతో తేలిపోయినట్టు.

ఆ మాట ఫణీంద్ర చెవిన పడింది. అతను నీళ్ళలోంచి నడుచుకుంటూ వచ్చి ముందు కట్లు చూశాడు. వాసానికీ దోనెకీ మధ్య తాడు ఎలా తిరిగిందో వేలితో వెంబడించాడు. తర్వాత తన పిల్లల్ని కేకేసి దగ్గరికి పిలిచాడు.

“కేటమరాన్ అన్నది తమిళం మాటండి,” అన్నాడు నిత్యానందం గారితో. “కట్టుమరం. కట్టు అంటే మనకీ కట్టే. మరం అంటే మాను. కట్టిన మాను, అంతే. రెండు అన్న మాట అందులో ఎక్కడా లేదు. దుంగలు పక్కపక్కన కట్టి సముద్రం మీదకి పోయే తెప్పకి వాళ్ళు పెట్టుకున్న పేరు అది. తెల్లవాళ్ళు ఆ పేరు పట్టుకుపోయి జంట పడవలకి పెట్టారు. మాది అచ్చులో పోసిందండి, దానికి ఒక్క కట్టూ లేదు. ఆ పేరు న్యాయంగా వీళ్ళ పడవకి చెల్లుతుంది.”

అతను ఎవరినీ తక్కువ చేసి మాట్లాడలేదు. మంచి సంగతి తెలిస్తే నలుగురికీ చెప్పాలన్న ఉత్సాహం తప్ప ఆ గొంతులో ఇంకేం లేదు. నిత్యానందం గారు కూడా నవ్వేశారు. మీరింత చెప్పాక కాదనేదేముందండీ, తెరచాప పందెంలోనే ఉండనివ్వండి అన్నారు.

దీన్ని మీరేమంటారని ఫణీంద్ర ఆడవాళ్ళని అడిగాడు. సంగడి అంటామండి అని దేవకుమారి చెప్పింది. అతని మొహం విప్పారింది. సంగడి అంటే జత, తోడు, స్నేహం అని పిల్లలకి చెప్పాడు. స్నేహితుణ్ణి సంగడీడు అనేవాళ్ళనీ, పాత తెలుగులో ఆ మాట ఎంతో వాడుకలో ఉండేదనీ అన్నాడు. ఆడవాళ్ళిద్దరికీ పడవ పేరుగా తప్ప తెలియని మాట అది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సూర్యకాంతం సిగ్గుపడి పైటచెంగుతో తడి చెయ్యి తుడుచుకుంది.

పెయింటరు కుంచె రంగులో ముంచి, ఎవరి పేరు రాయమంటారని అడిగాడు.

ఇద్దరిదీ రాయమని దేవకుమారి చెప్పింది. కుంచె పలక మీదకి వెళ్ళేలోపల నిత్యానందం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“పడవకి యజమాని ఒకరే ఉండాలమ్మా. సూర్యకాంతం మన సంఘం మనిషి, ఆవిడ పేరు వేద్దాం. నువ్వు సాయం మనిషిగా కూర్చో, ఎవరొద్దన్నారు?”

ఎంతో మెత్తగా అన్నారు ఆ మాట. దేవకుమారి ఆయన వంక చూడలేదు. సూర్యకాంతం వంక చూసింది. సూర్యకాంతం నీళ్ళలోకి చూస్తోంది.

“సరేనండి,” అంది సూర్యకాంతం.

పెయింటరు చేతివాటం మంచిది. అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. ముందువైపు వాసానికి ఆ పలక మేకుతో కొట్టి వాళ్ళు తర్వాతి పడవ దగ్గరికి వెళ్ళిపోయారు. ఫణీంద్ర తన పిల్లలతో అప్పటికే వెనక్కి పోయాడు, అతనికి ఇదేం తెలియదు. దేవకుమారి కూర్చుని మిగిలిన అంచు కుట్టడం మొదలుపెట్టింది. సూర్యకాంతం ఏదో అనబోయినట్టు రెండుసార్లు దగ్గరికొచ్చింది. దేవకుమారి కుట్టు మీంచి తల ఎత్తలేదు. పని పూర్తయ్యాక దారం కొరికి, తెరచాప మడత పెట్టి తడక మీద ఉంచి, చెప్పకుండా గట్టెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆనంద్ పాల్ పనినుంచి వచ్చేసరికి దేవకుమారి పొయ్యి ముందు కూర్చుని ఉంది. అన్నం వార్చింది గానీ కూర మొదలుపెట్టలేదు. ఆనంద్ పాల్ ఆకివీడులో చేపల లారీలకి ఐసు ఎత్తే పని చేస్తాడు. రోజంతా చల్లటి నీళ్ళలో నాని అతని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. ఏమైందని అతను అడగలేదు. కాసేపటికి ఆవిడే చెప్పింది.

నిత్యానందం గారన్న దానికి నాకేం లేదండీ, ఆయన అలాంటి మాట అనకపోతేనే ఆశ్చర్యపోయేదాన్ని అంది. అక్క సరేనండి అంది చూశారూ, అదే గొంతులో అడ్డం పడింది అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. పొయ్యిలో పుల్ల ముందుకి తోస్తూ, పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

“దోనె మనదే కదా కుమారీ,” అన్నాడు ఆనంద్ పాల్. “విప్పేసుకో.”

పొద్దున్నే ఆవిడ కొడవలి తీసుకుని గట్టు దిగేసరికి సూర్యకాంతం అక్కడే ఉంది. దోనె అంచు మీద కూర్చుని, కిందటి రోజు తడిమిన చోట లోపలివైపు తారు రాస్తోంది. దేవకుమారి దోనెకి. తన దోనెకి కాదు. దేవకుమారి అది చూసింది. అయినా ఆగలేదు. వెనక వాసం దగ్గరికి వెళ్ళి మొదటి కట్టు విప్పడం మొదలుపెట్టింది. కొడవలితో కోస్తే ఒక్క క్షణం పని. కానీ తాడు కొత్తది, సూర్యకాంతం కొన్నది. గోళ్ళతో, పళ్ళతో ముడి వదులు చేసి, చుట్టు తరవాత చుట్టు విప్పింది.

సూర్యకాంతం తారు డబ్బా పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయింది. వెనక కట్టు ఊడగానే దేవకుమారి దోనె పక్కకి జరగబోయింది. అది నీళ్ళలోకి పోకుండా సూర్యకాంతం వంగి అంచు పట్టుకుంది. రెండో కట్టు విప్పేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

“నేను నోరు విప్పితే అసలు పడవే వద్దనేవాడు దేవమ్మా,” అంది చివరికి. “సంఘంలో ఆయన మాట కాదంటే మా ఇంట్లో వాళ్ళకి వల వెయ్యడానికి చోటుండదు. పందెంలో ఉంటే చాలనుకున్నాను. పలక మీద ఏముంటే ఏమిటిలే అనుకున్నాను.”

“పడవుండి నేను లేకపోయినా నీకు సరిపోయింది, అంతేగా అక్కా?”

 సూర్యకాంతం పట్టుకున్న దోనె వదిలింది. దేవకుమారి గడ తీసుకుని తన దోనెలో నిలబడి, బురదలో ఒక్క పోటు పొడిచింది. రెండు దోనెల మధ్య నీళ్ళు వెడల్పయ్యాయి.

ఆ రోజంతా ఆవిడ ఒంటరిగానే గడ్డి కోసింది. ఒంటి దోనె నడపడం చిన్నప్పుడు నేర్చిన విద్యే గానీ, కాళ్ళు మర్చిపోయాయి. మోపు ఎత్తి లోపల వేసేటప్పుడు దోనె ఇటు ఒరిగితే అటు అడుగు వేసుకోవాలి. అటు ఒరిగితే మోపు నీళ్ళపాలు కాకుండా మోకాలు అడ్డం పెట్టాలి. మోపుల మీద మోపులు వెయ్యడానికి లేదు. సగం కోసి గట్టుకి చేర్చి మళ్ళీ రావాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఈశాన్యపు గాలి లేచింది. రోజూ ఆ గాలి కోసమే ఇద్దరూ ఎదురు చూసేవాళ్ళు. ఇప్పుడదే గాలి దోనె మూతి పట్టుకుని పక్కకి తోసేస్తూ ఉంటే, గడ వేసి వేసి ఆవిడ భుజాలు నొప్పెట్టాయి.

దూరంగా కిక్కిస పొదల అవతల ఇంకో ఒంటి దోనె కనిపించింది. దాన్లో మనిషి వంగి గడ్డి కోస్తోంది. కోసినది లోపల వేసి, దోనె ఊగితే ఆగి, అది కుదుటపడ్డాక మళ్ళీ వంగుతోంది. దేవకుమారి అటు చూడకూడదనుకుంది. చూడకుండా ఉండలేకపోయింది. మధ్యాహ్నం తిరిగాక చూస్తే ఆ దోనె అక్కడ లేదు. క్యారేజీ విప్పి ఒక్కతే అన్నం తిని, మిగిలింది కొంగలకి పారేసింది.

అలసట ఎంత ఉన్నా గర్వం మాత్రం తగ్గలేదు. ఇంటికి వచ్చేటప్పుడు గట్టు మీద ఎవరో, ఏం దేవకుమారీ ఒక్కదానివే ఉన్నావేం అని అడిగితే, నా దోనె నేను నడుపుకోలేనా అండీ అని నవ్వుతూనే చెప్పి వచ్చింది.

ఆనంద్ పాల్ ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. సూర్యకాంతం ప్యాకింగ్ షెడ్డుకి వచ్చిందని చెప్పాడు.

తనప్పుడు లారీ వెనక ఐసు పెట్టెలు అందిస్తున్నాడట. ఆవిడ ఆటో దిగి, తడి నేల మీద జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ, చేపల పెట్టెల మధ్యనుంచి నిత్యానందం గారి బల్ల దగ్గరికి వెళ్ళిందట. పాత తువ్వాల్లో చుట్టి తెచ్చిన రేకు పలక తీసి బల్ల మీద పెట్టిందట. నిత్యానందం గారు కుర్చీ చూపించినా కూర్చోలేదట. కూలీలంతా పని ఆపి చూశారని చెప్పాడు ఆనంద్ పాల్.

“ఏమందండీ?”

“సగం పడవకి పూర్తి పేరెందుకండీ అంది. దేవకుమారి పేరు కూడా ఉంటే ఇవ్వండి, లేకపోతే ఇది మీ దగ్గరే ఉంచుకోండి అంది.”

నిత్యానందం గారు నెమ్మదిగానే నచ్చచెప్పబోయారట. రూల్సన్నారట. ఈ ఏటికి ఇలా కానిమ్మన్నారట. అయితే పందెంలో లేనట్టేనా అని చివరికి అడిగితే, లేనట్టేనండి అని చెప్పి వచ్చేసిందట. తిరిగి వెళ్ళేటప్పుడు ఆనంద్ పాల్ పక్కనుంచే వెళ్ళింది కానీ తలెత్తి పలకరించలేదట.

 సంఘం ప్రెసిడెంటు గారి షెడ్డులో, ఆయన కూలీల ముందు ఆ మాట అనడానికి సూర్యకాంతానికి ఎంత కష్టమయ్యుంటుందో దేవకుమారికి తెలుసు. అక్క ఇద్దరు కొడుకులూ వల మీదే బతుకుతున్నారు. నిన్న నీళ్ళలోకి చూసిన మనిషి ఇవాళ అంత మంది మొహాల్లోకి చూడగలిగింది. తను చూడలేదే ఆ మొహం అని దేవకుమారికి అనిపించింది.

విప్పెయ్యమన్నది నేనే గానీ, అని ఆనంద్ పాల్ ఏదో మొదలుపెట్టి ఆపేశాడు.

“నేనూ విప్పాలనే విప్పానండీ,” అందావిడ. “ఆ కట్టు విప్పకపోతే ఇవాళ అక్క ఈ కట్టు వేసేది కాదు.”

పందెం రోజున ఎండ పొడ తగిలీ తగలకముందే దేవకుమారి తన దోనె నడుపుకుంటూ సూర్యకాంతం రేవుకి వెళ్ళింది. సూర్యకాంతం మెట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటోంది. దేవకుమారి దోనె తెచ్చి ఆవిడ దోనె పక్కన ఆనించి, గట్టు మీద పెట్టి ఉన్న వాసం ఒక చివర ఎత్తింది. సూర్యకాంతం నోరు పుక్కిలించి వచ్చి రెండో చివర ఎత్తింది.

కట్టు కట్టడంలో మాటలు అక్కర్లేదు. ఒకరు తాడు లాగి పట్టుకుంటే ఒకరు చుట్టు వెయ్యాలి. చుట్టు పడగానే పట్టిన వాళ్ళు వదలాలి, వేసిన వాళ్ళు బిగించాలి. మరీ బిగిస్తే అలకి వాసం విరుగుతుంది. వదులైతే దోనెలు దేని దారి అది చూసుకుంటాయి. దేవకుమారి దోనె రెండోదానికంటే పిసరంత పొడుగు. అందుకని ముందు కట్టు కాస్త ఏటవాలుగా తిప్పాలి. ఆ తిప్పు ఇద్దరి చేతులకే తెలుసు. చివరి ముడి వేశాక సూర్యకాంతం కాలితో వాసాన్ని తొక్కి చూసింది. కట్టు కిర్రుమని ఆగింది.

“పందెంలో లేము కదే, ఎక్కడికి?” అంది.

“కొల్లేరు వాళ్ళది కాదుగా అక్కా.”

సూర్యకాంతం నవ్వలేదు గానీ మొహం తేటపడింది. తడక పరిచారు. కొయ్య నిలబెట్టి తెరచాప ఎక్కించారు. ఎప్పుడూ వెనక కూర్చుని చుక్కాని తెడ్డు పట్టేది సూర్యకాంతమే. ఆ రోజు ఆవిడ తెడ్డు దేవకుమారి చేతికిచ్చి, తను ముందుకెళ్ళి తెరచాప తాడు దగ్గర కూర్చుంది. 

పందెం మొదలయ్యేది సరస్సు లోపల ఎర్రజెండాలు పాతిన చోటు నుంచి. మొగలిలంక గట్టు చేరితే ముగిసినట్టు. గట్టు మీద షామియానా, మైకు, జనం. చేపల వీధి వాళ్ళూ, పేట వాళ్ళూ, ఏలూరు నుంచీ పెదపాడు నుంచీ పండగ చూడ్డానికి వచ్చినవాళ్ళూ గట్టు పొడుగునా నిలబడ్డారు. జెండాల దగ్గర తెరచాప పడవలు వరసలో ఉన్నాయి. కాలేజీ వాళ్ళ తెల్ల పడవ, చేపలు పట్టే మాణిక్యం చెక్కనావ, ఇంకా ఊళ్ళవాళ్ళవి నాలుగైదు. సంగడి వరసలోకి వెళ్ళలేదు. అందరికీ వెనక, పక్కగా ఆగింది. జెండా పట్టుకున్న మనిషి పలక లేని పడవని చూసి ఏదో అడగబోయి ఊరుకున్నాడు. ఫణీంద్ర మాత్రం తన పడవ మీంచి చెయ్యి ఊపాడు.

జెండా పడింది.

ఈశాన్యపు గాలి పక్కనుంచి వస్తోంది. తెల్ల పడవ క్షణంలో ముందుకి దూసుకుపోయింది. అది నీటి మీద నడుస్తోందో నీటిని తాకుతోందో తెలియనట్టు పోతుంటే దేవకుమారి ఒక్క క్షణం అన్నీ మరిచిపోయి చూసింది. చూడముచ్చటగా ఉంది. మాణిక్యం నావ దాని వెనకాల. వీళ్ళు అందరికన్నా ఆఖరు.

సగం దూరం పోయాక గుర్రపుడెక్క అడ్డం వచ్చింది. రాత్రి గాలికి కొట్టుకొచ్చి చాప పరిచినట్టు ఉంది. తెల్ల పడవ దూరం చూసుకుని ముందే చుట్టు తిరిగింది. ఆ వేగానికి చుట్టైనా లెక్కలేదు. మాణిక్యం, మిగతావాళ్ళు అదే దారి పట్టారు. ఎడమవైపు కిక్కిస పక్కనుంచి గడ్డి కోతకి వీళ్ళిద్దరూ రోజూ తిరిగి తిరిగి చేసుకున్న సన్నటి కాలువ ఉంది. అక్కడ డెక్క పలచన. దేవకుమారి తెడ్డు అటు తిప్పింది. సూర్యకాంతం వెనక్కి చూడకుండానే తాడు సవరించింది.

డెక్క ఆకులు దోనెలకి అటూ ఇటూ రాసుకుంటూ, నడుమ జాగాలోంచి తడక కింద జారిపోతున్నాయి. కాలువ దాటి మళ్ళీ తేటనీళ్ళలో పడేసరికి గాలి ఒక్క ఊపున పెరిగింది. తెరచాప నిండింది. గాలివైపున్న దోనె, దేవకుమారి దోనె, నీళ్ళలోంచి పైకి లేవడం మొదలుపెట్టింది. రెండు పక్కలా కట్లు మూలిగాయి. తెడ్డు వదలడానికి లేదు.

“అక్కా, నా దోనె.”

అప్పటికే సూర్యకాంతం లేచింది. తాడు చేతికి చుట్టుకుని, తడక మీంచి పాకుతూ వచ్చి దేవకుమారి దోనె అంచు మీద కూర్చుని, ఒళ్ళంతా గాలివైపు వాల్చింది. దోనె దిగింది. కట్లు నిలబడ్డాయి. పడవ వణికి, కుదుటపడి, తాను అంతకుముందెప్పుడూ పోనంత జోరుగా పోసాగింది. సూర్యకాంతం మొహం మీద నీళ్ళు చిందుతున్నాయి. ఆవిడ వాటిని తుడుచుకోకుండా, నోరు తెరిచి, చిన్నపిల్లలా నవ్వుతోంది.

తెల్ల పడవ గట్టు చేరింది. జనం చప్పట్లు కొట్టారు. మైకులో నిత్యానందం గారు కాలేజీ పేరు చదివారు. రెండోది ఎవరని అందరూ నీళ్ళవైపు చూశారు. మాణిక్యం నావ డెక్క చుట్టూ తిరిగి వస్తోంది. దాని ముందర మేత సంచుల తెరచాప, రెండు దోనెలు, ఇద్దరు ఆడవాళ్ళు.

పేట వాళ్ళ వైపునుంచి మొదట కేక లేచింది. చేపల వీధి ఆడవాళ్ళు వెంటనే అందుకున్నారు. సంగడి మూతి బురదకి తగిలి ఆగింది. పలక లేదు. ఎవరిదా పడవ అని పైఊరి వాళ్ళు అడుగుతున్నారు. నిత్యానందం గారు మైకు పట్టుకుని గట్టు అంచుదాకా వచ్చారు.

“రెండవది...” అని ఆగారు. “సూర్యకాంతం గారి పడవ.”

సూర్యకాంతం దోనె అంచు మీంచి లేచి నిలబడింది. పైట బిగించి దోపుకుంది. ఆవిడ గొంతు పెద్దగా పెంచలేదు. కానీ ఆయన చేతిలో మైకు దగ్గరగానే ఉంది. ఆ మాట గట్టంతా వినిపించింది.

“నా పడవ కాదండి. ఇది సంగడి. దేవకుమారిదీ నాదీ.”

 పందెంలో లేని పడవ అని పక్కనెవరో గుర్తు చేశారు. అప్పుడే నావ దిగి వస్తున్న మాణిక్యం, సంఘంలో తనూ ఒక సభ్యుడే, తల తుడుచుకుంటూ అన్నాడు, మా ముందు వచ్చింది వాళ్ళే కదండీ, మేమంతా చూశాం, మాకెందుకండీ ఆ రెండోది అని.  జనమంతా నిత్యానందం గారి మొహం వంకే చూస్తున్నారు.

ఆయన మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. “రెండవది, సంగడి. దేవకుమారి గారు, సూర్యకాంతం గారు.” ఒక్క క్షణం ఆగి, “పైకి రండమ్మా,” అన్నారు.

షామియానా కింద బల్ల మీద రెండో బహుమతి, ఇత్తడి బిందె, ఎండకి మెరుస్తోంది. సూర్యకాంతం దేవకుమారి వైపు తిరిగింది. నువ్వే చెప్పు అన్నట్టు చూసింది. గాలి ఇంకా జోరుగానే ఉంది. తెరచాప తాడు ఒకరు పట్టుకోవాలి, వెనక తెడ్డు ఒకరు పట్టుకోవాలి. లేకపోతే పడవ పక్కకి తిరిగి కాలేజీ పిల్లల పడవకి కొట్టుకుంటుంది.

“ఇద్దరం ఒక్కసారే పడవ వదిలి రాలేమండీ,” అంది దేవకుమారి. “ఒకళ్ళం రాము. మీరే కిందకి రండి.”

అందులో పొగరు లేదు, బతిమాలడం లేదు. ఉన్న సంగతి చెప్పింది. గట్టు మీద గుసగుస మొదలై ఆగిపోయింది.

నిత్యానందం గారు మైకు పక్కవాళ్ళకి ఇచ్చారు. చెప్పులు గట్టు మీద విడిచారు. తెల్ల పంచె ఒక చేత్తో పైకి పట్టుకుని, బిందె రెండో చంకలో పెట్టుకుని, బురదలోకి దిగారు. మొదటి అడుగుకే కాలు పిక్కదాకా దిగింది. ఎవరో చెయ్యి అందించబోతే వద్దన్నారు. మెల్లగా, అడుగు తీసి అడుగు వేసుకుంటూ నీళ్ళలోకి వచ్చి, సంగడి పక్కన నిలబడ్డారు. పంచె అంచు అప్పటికే తడిసింది.

ఎవరి చేతికియ్యాలో ఆయనకి తెలియలేదు. బిందెని రెండు దోనెల మధ్య, తడక మీద ఉంచారు. ఉంచి, దేవకుమారి వైపు తిరిగి చేతులు జోడించారు. తర్వాత సూర్యకాంతం వైపు.

దేవకుమారి తెడ్డు వదలకుండానే తల వంచి నమస్కారం అందుకుంది. ఫణీంద్ర పిల్లలు తమ పడవ అంచుల మీద అరచేతులతో దరువు వేస్తున్నారు. గట్టు మీద జనంలో ఆనంద్ పాల్ ఎక్కడున్నాడో ఆవిడ వెతకలేదు. ఉన్నాడని తెలుసు.

“వెళ్దామా అక్కా?” అంది.

సూర్యకాంతం తాడు లాగింది. గాలి అందుకుంది.